కాయ ఎత్తే ముందు పికప్ బండిని సిద్ధం చేసుకోవడం ఎలా?

నా బండి డాష్‌బోర్డు మీద, స్టీరింగుకు కుడిపక్కన, వేలెడంత చిన్న చక్రం ఒకటి ఉంది. దాని మీద 0, 1, 2, 3 అని అంకెలుంటాయి. బండి కొన్న మూడేళ్ల దాకా దాన్ని నేను ముట్టుకోలేదు. గుర్రంపోడు దగ్గరి మా తోట నుంచి బత్తాయి ఎత్తుకుని రాత్రిపూట బాటసింగారం మార్కెట్‌కు పోతుంటే, నల్లగొండ దాటిన దగ్గర్నుంచి ఎదురొచ్చే ప్రతి బండీ డిప్పర్ కొట్టేది. నేనేమో డిమ్ములోనే ఉన్నా. 'వీళ్లకేం రోగం' అని తిట్టుకుంటూ పోయేవాణ్ణి. ఒకరోజు నార్కట్‌పల్లి దగ్గర చాయ్ తాగుతుంటే ఒక లారీ డ్రైవర్ వచ్చి, "అన్నా, నీ లైట్లు రోడ్డు మీద పడ్తలేవు, చెట్ల మీద పడుతున్నయ్" అన్నాడు. క్యాబిన్లోకి వంగి ఆ చక్రాన్ని 0 నుంచి 3కు తిప్పాడు. హోటల్ గోడ మీద పడుతున్న వెలుగు జానెడు కిందికి దిగింది.

లోడు పడితే వెనక భాగం కుంగుతుంది, ముక్కు పైకి లేస్తుంది, దాంతో పాటే లైటూ లేస్తుంది. దాన్ని కిందికి దించడానికే ఆ చక్రం. ఖాళీ బండికి సున్నా, నిండు లోడుకు పెద్ద అంకె. మధ్యలో ఏ అంకె అన్నది బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది.

ఆ రాత్రి నాకు అర్థమైందేమిటంటే, ఖాళీ పికప్, లోడు పికప్ రెండూ ఒకటే బండి కాదు. కారుకు నలుగురు ఎక్కినా ఎక్కకున్నా పెద్ద తేడా ఉండదు. పికప్ అలా కాదు, తన బరువుకు దగ్గర దగ్గరగా ఇంకో బరువును వీపున మోస్తుంది. టైర్లో గాలి, బ్రేకు పట్టు, స్టీరింగు, లైటు, మలుపులో ఒరిగే తీరు, అన్నీ మారతాయి. మనం మాత్రం ఖాళీ బండిని చూసి, ఖాళీ బండిని నడిపి చూసి 'అంతా బాగుంది' అనుకుని లోడు ఎత్తుతాం. కింద చెప్పేదంతా లోడు బండిని మనసులో పెట్టుకుని చెప్పేదే.

ముందు రోజు సాయంత్రం: బరువు లెక్క, కాగితాలు

ఆర్సీ తీసి చూడండి. అందులో ఖాళీ బండి బరువు, లోడుతో కలిపి ఉండదగిన మొత్తం బరువు రెండూ ఉంటాయి. రెండింటి తేడానే మీ సత్తా. ఉదాహరణకు ఖాళీ బరువు 1,700 కిలోలు, మొత్తం బరువు 3,000 అనుకోండి. తేడా 1,300. ఖాళీ బరువులో డ్రైవర్, క్లీనర్ బరువు ఉండదు. కాబట్టి ఇద్దరికి కలిపి 130, తాళ్లు, పట్టా, నీళ్ల డబ్బా, చిల్లర సామానుకు 20 తీసేస్తే మిగిలేది 1,150. కాయతో కలిపి ఒక్కో ట్రే 22 కిలోలు తూగితే 52 ట్రేలు. 40 కిలోల వడ్ల బస్తాలైతే 28. "ఇంకో పది పడతయ్ అన్నా" అని హమాలీ అంటాడు. జాగా ఉంటే పడతాయి, కానీ జాగా వేరు, బరువు వేరు. పత్తి నిండా ఎత్తినా బరువు దాటకపోవచ్చు. కంకర బాడీలో సగం ఎత్తు రాకముందే బరువు దాటేస్తుంది.

కంపెనీల లెక్కలూ ఒకలా ఉండవు. టాటా ఏస్ మోసేది ముప్పావు టన్ను పరిధిలో, బొలెరో పికప్ రకాలు 1.3 టన్నుల నుంచి 2 టన్నుల దాకా. పక్కింటాయన బండి మోసిందని మీది మోయదు. అనుమానముంటే బండ్లు తూచే ధర్మకాంటా మీద ఒకసారి ఎక్కించండి, ఆ డబ్బు దండగ కాదు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో ఓవర్‌లోడుకు రాసిన జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు ఇంకో 2,000. సరుకు బాడీ దాటి పక్కలకో వెనక్కో పొడుచుకొచ్చినా 20,000 రాసి ఉంది.

కాగితాల సంగతి క్లుప్తంగా. ఆర్సీ, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్, పొల్యూషన్, లైసెన్సు. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని గూడ్సు బండికి పర్మిట్ అక్కర్లేదు, దాటితే కావాలి. ఫిట్‌నెస్ ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా. 'ఎల్ఎంవీ (తేలిక బండ్ల) లైసెన్సుతో పికప్ నడపొచ్చా' అని చాలామంది అడుగుతారు. మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉంటే నడపొచ్చని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది.

టైర్లు: ఇక్కడ పది నిమిషాలు పెట్టండి

టైరు షాపు పిల్లాడు "ఎంత కొట్టాలన్నా?" అంటాడు. "నిండా కొట్టు" అంటాం. నిండా అంటే ఎంత? డ్రైవర్ తలుపు తీస్తే ఫ్రేమ్ మీద స్టిక్కర్ ఉంటుంది, లేదా పుస్తకంలో ఉంటుంది. ముందు టైర్లకు ఒక అంకె, వెనక వాటికి ఇంకో అంకె. వెనక అంకె ఖాళీగా ఉన్నప్పుడు ఒకటి, లోడుకు ఒకటి ఇచ్చిన బండ్లూ ఉన్నాయి. ఆ అంకెలను ఒక చీటీ మీద రాసి సన్ వైజర్‌కు అతికించండి. నాలుగింటికీ ఒకటే గాలి కొట్టించడం మన దగ్గర చాలా పెద్ద తప్పు.

గాలి చూసేది చల్లటి టైర్లో. నడిచిన టైర్లో గాలి వేడెక్కి రీడింగు ఎక్కువ చూపిస్తుంది. ఏప్రిల్, మే ఎండలో నల్లగొండ దాకా నడిపి, అక్కడ గేజి పెట్టించి, 'ఎక్కువైంది' అని గాలి తీయిస్తే, తెల్లారేసరికి అది తక్కువ గాలి టైరే. లోడు కింద తక్కువ గాలి టైరు పక్కలు మడతపడుతూ వేడెక్కుతాయి. వేసవిలో పగిలే టైర్లలో చాలావాటి మూలం ఇదే. 'ఎక్కువ గాలితో పగిలింది' అనుకుంటాం గానీ అసలు కథ తక్కువ గాలిది.

తర్వాత బండి చుట్టూ తిరగండి. టైరు గాడుల మధ్య అడ్డంగా చిన్న దిమ్మెలుంటాయి. రబ్బరు అరిగి వాటితో సమానమైందంటే మిగిలింది 1.6 మిల్లీమీటర్లే, మార్చేయాలి. లోపలి పక్క కూడా చూడండి, వంగి, వేలు పెట్టి. బయటి పక్క కొత్తగా కనిపిస్తూ లోపలి పక్క నున్నగా అయిన టైరు నా బండికే దొరికింది. టైరు పక్కన నాలుగు అంకెల ముద్ర ఉంటుంది. 2322 అంటే 2022లో 23వ వారం తయారైందని. గాడులు బాగున్నా పక్కల్లో సన్నటి పగుళ్లు వచ్చిన పాత టైరును లోడు బండికి నమ్మొద్దు.

ఇప్పుడు నట్లు. ఫోన్ టార్చి ఏటవాలుగా పట్టుకుని ప్రతి చక్రం నట్లను చూడండి. నట్టు చుట్టూ డిస్కు మీద తుప్పు రంగు గీతలు, సూర్యుడి బొమ్మకు పిల్లలు గీసే కిరణాల్లాగా, బయటికి పాకి ఉంటే ఆ నట్టు వదులైనట్టే. నట్టు కదిలి రాపిడి పొడి రాలుతుంది, తేమకు అది గీతలుగా జారుతుంది. పానా వేసి చూస్తే పావు చుట్టు తిరుగుతుంది. నేను ఇలా రెండుసార్లు పట్టుకున్నాను, రెండుసార్లూ పంచరు వేయించిన వారంలోపే.

స్టెప్నీని కూడా లెక్కలో వేసుకోండి. అది బండి కింద వేలాడుతూ బురదలో తడిసి, దించే గొలుసు తుప్పుపట్టి బిగుసుకుపోతుంది. ఇంటి ముందు, పగటిపూట, ఒకసారి దించి ఎక్కించండి. చీకట్లో రోడ్డు మీద మొదటిసారి నేర్చుకునే పని కాదది.

బానెట్ కింద

బండి చదునైన చోట నిలిపి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ గేజి లాగి, తుడిచి, మళ్లీ పెట్టి తీయండి. రెండు గుర్తుల మధ్య ఉండాలి. పై గుర్తు దాటి పోయడం కూడా తప్పే, 'ఎక్కువుంటే మంచిదే' అన్నది ఇక్కడ పనికిరాదు.

కూలెంట్ డబ్బాలో మట్టం చూడండి. తగ్గితే మనవాళ్లు చేసే పని పొలం బోరు నీళ్లు పోయడం. ఫ్లోరైడ్ మాట పక్కన పెట్టినా మన బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ, వేడికి అవి రేడియేటర్ సన్నటి గొట్టాల్లో గారలా పేరుకుంటాయి. ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర చూస్తారుగా, అదే. కంపెనీ చెప్పిన కూలెంట్ పోయండి, తప్పనిసరైతే బ్యాటరీ నీళ్లు పోసి ఊరు చేరాక సరిచేయించండి. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తిప్పొద్దు. ఆ ఆవిరి మొహం మీదికి కొడుతుంది.

బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. మట్టం తగ్గిందంటే లైనర్లు అరిగాయి లేదా ఎక్కడో కారుతోంది. రెండింట్లో ఏదో తెలియకుండా పైనుంచి పోసుకుంటూ పోవడం కుదరదు. చక్రాల లోపలి పక్క తడి ఉందేమో చూడండి.

తాళం తిప్పాక

సెల్ఫ్ కొట్టకుండా తాళం ఒక మెట్టు తిప్పి ఆగండి. దీపాలన్నీ వెలగాలి. వెలగని దీపమే అనుమానించాల్సింది, బల్బు పోయిందో, ఎవరైనా పీకేశారో. చలికాలం తెల్లవారుజామున స్ప్రింగు చుట్టలా ఉండే దీపం ఆరేదాకా ఆగి స్టార్ట్ చేయండి. ఇంజన్ తిరిగాక ఆయిల్ డబ్బా గుర్తు ఆరకపోతే వెంటనే ఆపేయాలి, 'పెట్రోల్ బంకు దాకా పోయి చూద్దాం' అనుకుంటే బంకు దగ్గర ఇంజన్ ఉండదు. డీజిల్లో నీళ్ల గుర్తు వెలిగితే ఫిల్టర్ అడుగు స్క్రూ వదులు చేసి నీళ్లు దించాలి.

బీఎస్-6 బండ్లకు ఇంకొన్ని దీపాలున్నాయి. పొగ ఫిల్టర్ దీపం వెలిగిందంటే లోపల మసి పేరుకుంది, దాన్ని కాల్చుకోవడానికి బండికి కాసేపు ఏకధాటి నడక కావాలి. రోజూ ఊళ్లో నాలుగు కిలోమీటర్లు తిరిగి ఆపేసే బండికి ఈ బాధ ఎక్కువ. అలాంటప్పుడు హైవే ఎక్కించి పుస్తకంలో చెప్పినంతసేపు నడపండి, మధ్యలో ఆపొద్దు. పొగను శుభ్రం చేసే ఆడ్‌బ్లూ అనే ద్రవం పోసే రకమైతే దాని మూత నీలిరంగులో వేరుగా ఉంటుంది. అది డీజిల్ ట్యాంకులో పడితే మాత్రం స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ను పిలవండి.

బ్రేకు పరీక్ష ఇలా. ఇంజన్ ఆపి ఉండగా పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కండి, గట్టిపడుతుంది. తొక్కిపట్టి స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగిందంటే మన తొక్కుడుకు బలం కలిపే బూస్టర్ పనిచేస్తోంది. అలాగే గట్టిగా అర నిమిషం పట్టి ఉంచండి. పెడల్ మెల్లగా కుంగుతూ పోతే ఎక్కడో లీకు ఉంది, బండి కదలకూడదు.

ఇక్కడ ఒక గొడవ పడాలి నేను. లోడు ఎక్కువ మోయాలని మన దగ్గర కమాన్ కట్టలకు, అంటే బాడీ బరువు మోసే స్ప్రింగు పట్టీలకు, ఇంకో పట్టీ వేయిస్తారు. చాలా పికప్‌లకు వెనక ఇరుసు దగ్గర ఒక వాల్వు ఉంటుంది, బాడీకి, ఇరుసుకు మధ్య దూరాన్ని బట్టి వెనక బ్రేకులకు ఎంత ఒత్తిడి పంపాలో తేలుస్తుంది. బాడీ కుంగితే 'లోడు పడింది, బ్రేకు పెంచు' అని. అదనపు పట్టీ వేశాక బాడీ కుంగదు. వాల్వు బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకుకు ఒత్తిడి తగ్గిస్తుంది. అంటే లోడు పెంచి బ్రేకు తగ్గించుకున్నట్టు. పట్టీ వేసిన మేస్త్రీ ఈ సంగతి చెప్పడు, చాలామందికి ఆ వాల్వు ఉందనే తెలియదు.

లోడు ఎత్తడం, కట్టడం

బరువంతా క్యాబిన్ వైపు, వెనక ఇరుసుకు ముందుగా ఉండేలా చూడాలి. ఇరుసు దాటి తోక మీద బరువు పడితే ముందు చక్రాలు తేలిక అవుతాయి, స్టీరింగు వెన్నలా తిరుగుతుంది. అది సుఖం కాదు, రోడ్డు మీద పట్టు లేకపోవడం. పెద్ద బరువు కింద, తేలిక పైన, కుడి ఎడమలు సమానంగా. సగం లోడు అయితే క్యాబిన్‌కు ఆనించి పేర్చండి, మధ్యలో ఖాళీ వదిలితే మొదటి బ్రేకుకే ట్రేలన్నీ ముందుకు దూకుతాయి.

తాడు బాడీ కొక్కేలకే కట్టాలి, వెనక డోరు గొళ్లానికి కాదు. ట్రే అంచుల మీద తాడు కోసుకుపోకుండా పాత ట్యూబు ముక్కలు అడ్డం పెట్టండి. రాచెట్ బెల్టులు తాళ్ల కంటే మేలు, కానీ బిగించాక మిగిలిన కొస చుట్టి కట్టేయండి. వేలాడే కొస చక్రంలో పడితే బెల్టు ఊడుతుంది. రెండు పట్టాలైతే ముందు పట్టా అంచు వెనక పట్టా మీదికి వచ్చేలా కప్పితే గాలి దూరదు.

లోడు మీద మనుషులు వద్దు. పత్తి ఏరే కూలీలను, బత్తాయి కోసేవాళ్లను బాడీలో నింపి తీసుకుపోవడం మన దగ్గర రోజూ చూసేదే. 2018 ఏప్రిల్‌లో మన నల్లగొండ జిల్లా పీఏపల్లి మండలం వద్దిపట్ల దగ్గర కూలీల ట్రాక్టర్ ఏఎమ్మార్పీ (మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువలో పడ్డప్పుడు చనిపోయినవాళ్లలో చాలామంది మిరప ఏరడానికి పోతున్న ఆడవాళ్లే. బాడీలో పట్టుకోవడానికి కొక్కేలుంటాయి, అవి తాళ్లకు.

వెనక ఎరుపు, పక్కల పసుపు, ముందు తెలుపు రేడియం పట్టీలు తుడవండి. పట్టా వాటి మీదికి జారి కప్పేయకుండా చూడండి. ఇప్పుడు ఆ చిన్న చక్రాన్ని తిప్పండి. అద్దాలూ మళ్లీ సరిచేయాలి, ముక్కు లేచి తోక కుంగింది కాబట్టి ఇందాక వెనక దూరం దాకా చూపిన అద్దం ఇప్పుడు దగ్గరి రోడ్డునే చూపిస్తుంటుంది.

రోడ్డు మీద

మొదటి పది పదిహేను కిలోమీటర్లకు ఆగండి. మాకు అది కనగల్ దాటాక వస్తుంది. గుంతలకు కాయ సర్దుకుంటుంది, అప్పటిదాకా బిగువుగా ఉన్న తాడు రెండు వేళ్లు దూరేంత వదులవుతుంది. బిగించి, చక్రాల హబ్బుల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోకుండా దగ్గరగా. ఒకటి మాత్రం మిగతావాటికంటే కాలుతుంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉంది, లేదా బేరింగు పోతోంది.

చిట్యాల, చౌటుప్పల్ మీదుగా పోయే 65వ నంబర్ హైవే మీద ముందు బండికి దూరం ఎక్కువ వదలండి. ఖాళీ బండి ఆగే దూరంలో లోడు బండి ఆగదు. తెల్లవారుజామున రోడ్డు పక్క ఆపిన లారీలు లైటు లేకుండా నిలబడి ఉంటాయి, ఎడమ లేన్‌లో కళ్లు మూసుకుని పోకండి.

మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు నుంచి శ్రీశైలం పోయేవాళ్లకు ఇంకో మాట. మన్ననూర్ దగ్గర అడవి గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది, దాన్ని బట్టి బయల్దేరండి. దోమలపెంట దాటాక దిగుడు మలుపుల్లో డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేయకండి. ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కుతారో దిగేటప్పుడూ ఆ గేరే, ఇంజన్ బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే లైనర్లు కాలి వాసన వస్తుంది, ఆ తర్వాత పెడల్ తొక్కినా పట్టదు. ఇంజన్ ఆపేసి దిగేవాళ్లకైతే బూస్టరూ ఉండదు, పవర్ స్టీరింగూ ఉండదు.

ఎకో (డీజిల్ పొదుపు) స్విచ్ ఉన్న బండ్లలో ఖాళీగా, చదును రోడ్డు మీద దాన్ని వేసుకోండి. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు తీసేయండి, లేకపోతే ఇంజన్ గింజుకుంటుంది. నాలుగు చక్రాల తోలకం (ఫోర్ వీల్ డ్రైవ్) ఉన్న బొలెరో క్యాంపర్, ఇసుజు వి-క్రాస్ లాంటివైతే దాన్ని బురదలో, నల్లరేగడిలో, ఇసుకలో వాడండి, పొడి తారు రోడ్డు మీద కాదు. అక్కడ ముందు వెనక చక్రాలు ఒకదానితో ఒకటి పెనుగులాడి గేర్లు పాడవుతాయి. ఎల్ అని ఉండే తక్కువ గేరు వేయాలంటే పుస్తకం చెప్పినట్టు బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి వేయాలి.

పంచరు పడితే

హజార్డ్ లైట్లు వేసి, వీలైనంత ఎడమకు, గట్టి నేల మీదికి తీసుకోండి. బండి వెనక్కి యాభై అడుగులు నడిచి ఎర్ర త్రికోణం పెట్టండి, బండి తోక దగ్గర పెడితే దాని వల్ల లాభం లేదు. హ్యాండ్ బ్రేకు, గేరు, ఎదురు మూల చక్రానికి రాయి. చక్రం నేల మీద ఉండగానే నట్లు ఒక చుట్టు వదులు చేయాలి, జాకీ లేపాక చేస్తే చక్రమే తిరుగుతుంది. జాకీ కింద చెక్క ముక్క, పైన ఛాసిస్ లేదా ఇరుసు మీద చెప్పిన చోటే. లోడు ఉన్న బండి కిందికి తల పెట్టొద్దు. బిగించేటప్పుడు పక్కపక్క నట్లు కాకుండా ఎదురెదురువి బిగించండి, యాభై కిలోమీటర్ల తర్వాత మళ్లీ పానా వేయండి.

పోయేముందు ఆ రాళ్లు తీసి పక్కన పారేయండి. రోడ్డు మీద వదిలేసిన ఆ రాయి వెనకొచ్చే బైక్ వాడికి కనపడదు. చౌటుప్పల్ దాకా పోయి తిరిగి వెనక్కి వచ్చి ఒకసారి తీశాను నేను, నిద్ర పట్టేది కాదు లేకపోతే.

కాయ దిగాక

మార్కెట్లో రివర్స్ తీసేటప్పుడు క్లీనర్ మీ అద్దంలో కనపడే చోటే నిలబడాలి. కనపడకపోతే ఆపండి, "రా, రా, రా" అన్న కేక విని నడపకండి. పక్క బండికీ అదే కేక వేస్తుంటారు.

ఇప్పుడు బండి మళ్లీ ఖాళీ. వచ్చేటప్పుడు భారంగా ఉన్న వెనక ఇప్పుడు గుంతకు ఎగురుతుంది, తడి రోడ్డు మీద బ్రేకు గట్టిగా కొడితే తోక పక్కకు జారుతుంది. పట్టా, ఖాళీ ట్రేలు, తాళ్లు కట్టి పెట్టండి, లేకపోతే పంతంగి టోలు రాకముందే ఒకటి గాల్లోకి లేస్తుంది. అద్దాలు సరిచేయండి, ఆ చిన్న చక్రాన్ని 3 నుంచి 0కు తిప్పండి.